ఇల్లు చాసిస్ మీద కట్టాలా, హుక్కుకి తగిలించాలా?

కాశీ, గయ, అయోధ్య, వచ్చేటప్పుడు పూరీ. గోదావరి జిల్లాల్లో ఏదో ఒక ఊరి నుంచి ఏటా ఒక టూరిస్టు బస్సు ఇలా బయల్దేరుతూనే ఉంటుంది. బస్సు పొట్టలో బియ్యం బస్తాలు, గ్యాసు బండలు, గుండిగలు, పచ్చడి జాడీలు. వెనక సీట్లో వంటమనిషి, అతనికో సహాయకుడు. తెల్లారేసరికి ఏ పెట్రోలు బంకు పక్కనో పొయ్యి వెలుగుతుంది, పదింటికల్లా అన్నం, పప్పు, చారు. పడుకునే మంచాలు లేవన్న మాటే గానీ, చక్రాల మీద సంసారం మనవాళ్లకి కొత్త కాదు.

కొత్తదల్లా ఆ సంసారాన్ని నలుగురైదుగురికి కుదించి సొంత బండిలో పెట్టుకోవాలన్న కోరిక. అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లి, అద్దెకు తీసుకున్న ఆర్‌వీ అనే ఇల్లులాంటి బండిలో ఎల్లోస్టోన్ చూసొచ్చిన తణుకు దంపతులకి ఆ కోరిక పుడితే ఆశ్చర్యం లేదు. పుట్టాక వచ్చే మొదటి ప్రశ్న ఒకటే. ఇంజను, ఇల్లు ఒకే బండిగా ఉండే మోటార్‌హోమా? ఉన్న కారు వెనక తగిలించి లాక్కెళ్లే ట్రైలరా? మొదటిదాంట్లో అంతా ఒకే చాసిస్. రెండోదాంట్లో మధ్యన ఒక కీలు ఉంటుంది. మంచీ చెడూ చాలావరకు ఆ కీలు దగ్గరే ఉన్నాయి. ధర సంగతి తర్వాత, ముందు దాన్ని చూద్దాం.

తెలుగునాట అందరికీ తెలిసిన మోటార్‌హోమ్ ఒకటుంది. దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవలేదంతే. 1982 మార్చి 29న పార్టీ పెట్టాక ఎన్.టి. రామారావు పాత షెవర్లే వ్యానొకటి బాగుచేయించి దానికి చైతన్యరథమని పేరు పెట్టారు. కొడుకు హరికృష్ణ నడిపారు. నెలల తరబడి దాంట్లోనే ప్రయాణం, దాంట్లోనే నిద్ర, రోడ్డు పక్కనే స్నానం. టాపు మీదికెక్కితే అదే వేదిక. 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసేదాకా ఆ వ్యాను తిరగని జిల్లా లేదు. అదే పనికి జీపూ, దాని వెనకో ట్రైలరూ కట్టుకుని ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోండి. జనం కమ్మేసిన సందులోంచి ట్రైలర్‌తో వెనక్కి రావడం ఎంత మంచి డ్రైవరుకైనా నరకం. రోజుకు పది ఊళ్లు, పది చోట్ల ఆగడం, ఆగిన నిమిషానికి పని మొదలుపెట్టడం: ఇలాంటి తిరుగుడుకి ఒకే చాసిస్ మీదున్న బండే సరైనది. సినిమా షూటింగుల్లో మనం కారవాన్ అని పిలిచే బండి సంగతి వేరు. అది పొద్దున వచ్చి ఒకచోట నిలబడితే పేకప్ దాకా కదలదు. పని తీరు ప్రకారం చూస్తే దానికి ట్రైలరే సరిపోతుంది.

ఇక కీలు సంగతి. దీన్ని చదువుకోడానికి తణుకు కంటే మంచి చోటు దొరకదు. ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ 1947లో స్థాపించిన ఆంధ్రా షుగర్స్ ఉన్న ఊరు. చెరకు ఆడే రోజుల్లో ట్రాక్టర్లూ, వాటి వెనక ఎత్తుగా పేర్చిన ట్రక్కులూ ఊరి రోడ్లనిండా ఉండేవి. ధాన్యం రోజుల్లో ఇప్పటికీ ఉంటాయి. రెండు చక్రాల ట్రక్కుని గమనించండి. ఇరుసుకి ముందు ఎక్కువ బరువు పేరిస్తే ఆ బరువు హుక్కు మీద పడి ట్రాక్టరు ముందు చక్రాలు తేలతాయి, స్టీరింగు పనిచెయ్యదు. వెనక ఎక్కువ పేరిస్తే హుక్కు పైకి లేస్తుంది, ట్రాక్టరు పెద్ద చక్రాలకి పట్టు తగ్గి బురదలో ఊరికే తిరుగుతాయి. ఎడ్లబండి తోలేవాళ్లకి ఇది తాతల నాటి నుంచీ తెలుసు. బరువు వెనక్కి పడితే కాడి ఎడ్ల మెడల మీంచి లేచి పలుపులు గొంతుకి బిగుస్తాయి. ముందుకి పడితే మెడలు పుండ్లవుతాయి. అందుకే బస్తాలు వేసేటప్పుడు ఒకడు కాడి పట్టుకుని చూస్తుంటాడు.

కారు వెనక ట్రైలర్‌కీ లెక్క అదే. ఒక ట్రైలర్ సామానుతో కలిపి 1,000 కిలోలుందనుకుందాం. హుక్కు నుంచి ఇరుసుకి 4 మీటర్లు. హుక్కు మీద 70 కిలోలు పడుతోంది, అంటే మొత్తంలో 7 శాతం. ఇరుసుకి 2 మీటర్లు ముందున్న అరలో 40 కిలోల సామాను ఉంది: గ్యాసు బండ, నీళ్ల క్యాన్లు. దాన్ని తీసి ఇరుసుకి 2 మీటర్లు వెనక ఉన్న అరలో పెట్టాం. ముందున్నప్పుడు అది హుక్కు మీద 20 కిలోలు వేసేది, ఇప్పుడు 20 కిలోలు లేపుతోంది. హుక్కు బరువు 70 నుంచి 30కి పడిపోయింది. మొత్తం బరువు గ్రాము కూడా మారలేదు, కానీ బండి స్వభావం పూర్తిగా మారిపోయింది.

ఎందుకంటే, రోడ్డు మీద ట్రైలర్‌ని దారిలో ఉంచేవి దాని టైర్లు. గాలి తోసినా, గుంట తగిలినా ట్రైలర్ హుక్కు చుట్టూ కొంచెం పక్కకి తిరుగుతుంది. టైర్లు పక్కకి జారడానికి ఒప్పుకోక దాన్ని మళ్లీ గీతలోకి తోస్తాయి. బరువు కేంద్రం ఇరుసుకి ముందుంటే ఆ తోపు సర్దుబాటవుతుంది, ఊగు రెండుసార్లకి సద్దుమణుగుతుంది. కేంద్రం వెనక్కి వెళితే ఆ బరువే తోకలా బయటికి విసురుతుంది, ప్రతి ఊగూ ముందుదాని కంటే పెద్దదవుతుంది. మూడో ఊగుకో నాలుగో ఊగుకో కారు వెనక భాగాన్ని కూడా లాక్కుని వెళ్తుంది. హైవేల మీద ట్రైలర్లు బోల్తాపడే వీడియోలు చూశారుగా, అవన్నీ దాదాపు ఈ కథే.

వేగం సంగతి ఇంకా చిత్రం. అదే ట్రైలర్, అదే సామాను, గంటకు 60 కిలోమీటర్ల దగ్గర బుద్ధిగా ఉంటుంది, 90 దాటితే అదుపు తప్పవచ్చు. ఊగుతున్న ట్రైలర్ టైరు పక్కకి కదిలే వేగం, ముందుకి పోయే వేగం: ఈ రెండిటి నిష్పత్తిని బట్టే టైరు ఎంత కోణంలో జారుతోందో, ఎంత గట్టిగా ఎదురుతిరుగుతుందో తేలుతుంది. ముందుకి పోయే వేగం పెరిగేకొద్దీ అదే ఊగుకి ఆ కోణం చిన్నదవుతుంది, ఎదురుతిరిగే బలం తగ్గుతుంది. అంటే ఊపుని చంపే శక్తి వేగంతో పాటు సన్నగిల్లుతుంది. ప్రతి కారు-ట్రైలర్ జంటకీ ఒక వేగం ఉంటుంది, దాని పైన ఊపు తనంతట తాను ఆగదు. ఆ వేగం ఎంతన్నది ఏ మీటరూ చూపించదు. చాలా దేశాలు ట్రైలర్‌కి వేరే వేగ పరిమితి పెట్టడానికి ఇదొక కారణం. జర్మనీలో మామూలుగా 80 కిలోమీటర్లు. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే బండికి గంటకు 55 మైళ్లే.

హుక్కు బరువు ఎంతుండాలన్న దాంట్లో అమెరికా, ఐరోపా ఒక మాట మీద లేవు. అమెరికన్లు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం అంటారు, బ్రిటన్‌వాళ్లు 5 నుంచి 7 అంటారు. అమెరికావి పెద్ద పికప్‌లు, ఎక్కువ వేగాలు. బ్రిటన్‌వి చిన్న కార్లు, హుక్కు మోయగలిగేదే తక్కువ. కారు వెనక చక్రాల కంటే 1.1 మీటరు వెనకున్న హుక్కు మీద 100 కిలోలు పెట్టి, ముందు వెనక చక్రాల మధ్య దూరం 2.7 మీటర్లని లెక్కేస్తే వెనక ఇరుసు మీద అదనంగా 141 కిలోలు పడుతుంది, ముందు ఇరుసు మీంచి 41 కిలోలు లేచిపోతుంది. బ్రేకూ, స్టీరింగూ ఎక్కువ ఆధారపడేది ముందు చక్రాల మీదే కదా. అందుకని హుక్కు బరువు మరీ ఎక్కువైనా చేటే.

ఊపు మొదలైతే ఏం చెయ్యాలి? చేతులు చేసే పని స్టీరింగుని ఎదురు తిప్పడం, కాలు చేసే పని బ్రేకు తొక్కడం. రెండూ తప్పే. ఎదురు తిప్పితే మన తిప్పుడు ఒక లయ ఆలస్యంగా పడి ఊపుని పెంచుతుంది. బ్రేకు గట్టిగా తొక్కితే కారు ఆగబోతుంది, వెనక టన్ను బరువు దాన్ని తోస్తుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగు తిన్నగా పట్టుకుని, వేగం దానంతట అది పడిపోనివ్వాలి. ట్రైలర్‌కి విడిగా ఎలక్ట్రిక్ బ్రేకు ఉంటే దాన్నొక్కదాన్నే మెల్లగా వెయ్యొచ్చు, వెనక నుంచి లాగినట్టయి బండి తిన్నగా అవుతుంది.

రావులపాలెం దాటి సిద్ధాంతం వైపు వచ్చేటప్పుడు వశిష్ఠ గోదావరి వంతెన మీద ఇవన్నీ ఒక్కచోట కలుస్తాయి. నది మీద గాలికి అడ్డు లేదు. పక్క నుంచి ఓ ప్రైవేటు ట్రావెల్స్ బస్సు దాటుతుంది. దాని ముక్కు మన వెనక్కి వచ్చేసరికి అది తోసుకొచ్చే గాలి ట్రైలర్ వెనక మూలని రోడ్డు అంచు వైపు నెడుతుంది. బస్సు పక్కకొచ్చేసరికి మధ్యలో పీడనం తగ్గి దాని వైపు లాగుతుంది. ఒక నెట్టు, ఒక లాగు, రెండు సెకన్ల తేడాలో. ఊపు మొదలవడానికి అది చాలు. మోటార్‌హోమ్‌కీ ఆ గాలి తగులుతుంది, స్టీరింగు చేతిలో కొంచెం పక్కకి పోతుంది, అంతటితో సరి. దానికి ఊగడానికి కీలు లేదు.

అలాగని మోటార్‌హోమ్‌ని వెనకేసుకురావడం లేదు. దాని జబ్బులు దానికున్నాయి. ఎత్తు మొదటిది. బండి పల్టీ కొట్టే తత్వాన్ని లెక్కేసే సులువైన పద్ధతి: రెండు పక్కల టైర్ల మధ్య దూరంలో సగాన్ని, బరువు కేంద్రం ఎత్తుతో భాగించడం. టైర్ల మధ్య 1.5 మీటర్లు, కేంద్రం 55 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న కారుకి దాదాపు 1.36 వస్తుంది. 1.7 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల ఎత్తులో కేంద్రం ఉన్న వ్యానుకి 0.71. అనంతగిరి ఘాట్‌లో అరకు ఎక్కేటప్పుడు ఈ తేడా నడుముకి తెలుస్తుంది. టాపు మీద నీళ్ల ట్యాంకు, ఏసీ, సోలార్ పలకలు పెట్టేకొద్దీ ఆ అంకె ఇంకా పడిపోతుంది. నీళ్ల ట్యాంకు నేల మట్టాన, రెండు ఇరుసుల మధ్యన ఉండాలి. వంద లీటర్లంటే వంద కిలోలు, అదీ ట్యాంకు సగమే నిండితే అటూ ఇటూ కొట్టుకునే బరువు.

రెండో జబ్బు వెనక ఇరుసు. మన దగ్గర మోటార్‌హోమ్‌లు ఎక్కువగా ఫోర్స్ ట్రావెలర్ లాంటి వ్యానుల మీద కడుతున్నారు. మంచం, వంటగది, బాత్‌రూమ్ అన్నీ వెనక పడతాయి. అటక మీది సామాన్లకి కూడా చోటు వెనకే. మొత్తం బరువు అనుమతించినదాని లోపే ఉన్నా వెనక ఇరుసు ఒక్కటి దాటిపోతుంది, టైర్లు అక్కడే పేలతాయి. మూడోది మనుషులు. ఇంట్లో ఉన్నట్టే ఉంది కదా అని ఒకరు మంచం మీద పడుకుంటారు, ఇంకొకరు నిలబడి టీ పెడతారు. బండి కదులుతున్నంతసేపూ అందరూ బెల్టు పెట్టుకుని సీట్లో ఉండాల్సిందే, బండ వాల్వు కట్టేసి ఉండాల్సిందే. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, కారితే నేల మీద చేరుతుంది. అందుకని బండ పెట్టే అరకి కింద కన్నం ఉండాలి, పైన కాదు. బాడీ కట్టే మేస్త్రీలు పైన జాలీ పెట్టి సరిపెట్టడం చూశాను.

మలుపుల్లో రెండూ లోపలికి కోస్తాయి, ట్రైలర్ ఎక్కువ. ముందు చక్రాలు 8.4 మీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతుంటే, చక్రాల మధ్య 4 మీటర్లున్న మోటార్‌హోమ్ వెనక చక్రాలు సుమారు మీటరు లోపలికి జరుగుతాయి. పైన చెప్పిన కారూ ట్రైలరూ అయితే ట్రైలర్ చక్రం 1.4 మీటర్లు జరుగుతుంది. జాతీయ రహదారి మీద ఇది లెక్కలోకి రాదు. గోస్తనీ కాలవ గట్టు రోడ్డు మీద, ఒక పక్క నీళ్లు, ఒక పక్క చేను, ఎదురుగా ధాన్యం ట్రాక్టరు వస్తే, ఆ నలభై సెంటీమీటర్లే చక్రం గట్టు మీదుందా కాలవలో ఉందా తేలుస్తాయి. ఎదురు బండికి దారివ్వాలంటే వెనక్కి పోవాలి. ట్రైలర్‌ని వెనక్కి నడపడమంటే స్టీరింగుని మొదట ఎదురు తిప్పి, ట్రైలర్ తిరగడం మొదలెట్టగానే దాని వెంట తిప్పాలి. పొట్టి ట్రైలర్ పొడుగుదానికంటే మొండిది, తల తిప్పేలోపు మడత పడుతుంది. ట్రాక్టరు కుర్రాళ్లు ఈ పని ఫోన్ మాట్లాడుతూ చేసేస్తారు గానీ, కార్లవాళ్లకి ఆ అలవాటు రావడానికి ఖాళీ మైదానంలో కొన్ని సాయంత్రాలు పోవాలి.

ట్రైలర్ గెలిచే చోటు ఒకటుంది, అది చిన్నదేం కాదు. మారేడుమిల్లి లాంటి చోట పది రోజులు ఒకే స్థలంలో ఉండాలనుకుంటే, ట్రైలర్‌ని విప్పి నిలబెట్టి కారులో కూరగాయలకి వెళ్లిరావొచ్చు. మోటార్‌హోమ్‌లో కొత్తిమీర కట్టకి కూడా ఇల్లంతా బయల్దేరాలి. ఇంజను పాడైతే మోటార్‌హోమ్‌లోవాళ్లకి ఇల్లే మెకానిక్ షెడ్డులో ఉంటుంది. ట్రైలర్‌కి ఇంజను లేదు, ఏడాదిలో పది నెలలు పెరట్లో పడున్నా బ్యాటరీ తప్ప పాడయ్యేది తక్కువ.

మిగతావి రెండింటికీ సమానమే. డెల్టా ఉక్కలో ఏసీ లేకుండా రేకు పెట్టెలో పడుకోవడం కుదరదు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో ఉండేది 1.8 యూనిట్లు, లెడ్ యాసిడ్‌దైతే అందులో సగమే వాడాలి. ఏసీ రాత్రంతా నడవాలంటే అంతకు కొన్ని రెట్లు కావాలి. కాబట్టి రాత్రి బస ఎక్కడైనా కరెంటు ప్లగ్గు దొరకాలి. విడిది స్థలాలు లేకుండా బండ్లు మాత్రం కొంటే ఏమవుతుందో కేరళ ముందే గ్రహించింది. 2021లో కెరవాన్ పేరుతో తెచ్చిన విధానంలో బండ్లతో పాటు కారవాన్ పార్కుల్నీ చేర్చింది.

చట్టం సంగతి. సొంత వాడకానికి ఉంచుకునే క్యాంపర్ వ్యానూ, ట్రైలరూ రెండూ కేంద్రం వర్గీకరణలో ట్రాన్స్‌పోర్టేతర వాహనాలే. ట్రైలర్‌కి విడిగా రిజిస్ట్రేషన్, దాని నంబరు దానికి. రోడ్డు మీద నడిచే ట్రైలర్‌లో మనుషుల్ని కూర్చోబెట్టకూడదు. అమ్మమ్మ నడుం వాల్చాలన్నా కారులోనే. పాత వ్యాను కొని ఆటోనగర్‌లో మనకిష్టమొచ్చినట్టు గోడలు కోయించుకుంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. కంపెనీ ఇచ్చిన మూల నిర్మాణాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పు చేసిన బండికి ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట వెతికేది అదే. లైసెన్సు విషయంలో మాత్రం ఊరట. మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సుతో నడపొచ్చని 2024 నవంబరు 6న రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కుటుంబానికి సరిపడే మోటార్‌హోమ్‌లు దాదాపు ఆ లోపే ఉంటాయి.

అమెరికాలో మనవాళ్లు అద్దెకు మోటార్‌హోమే ఎందుకు తీసుకుంటారని అడిగితే సౌకర్యం అంటారు. అసలు సంగతి, ఇంట్లో ఉన్న క్యామ్రీ మూడు టన్నుల ట్రైలర్‌ని లాగలేదు. మనకీ అదే వర్తిస్తుంది. ట్రైలర్ చవకని కొని, తర్వాత దాన్ని లాగడానికి పెద్ద బండి కొనుక్కోవడంలో చవకేమీ లేదు. లాగే కారు బరువులో 85 శాతం మించకుండా ట్రైలర్ ఉండాలని బ్రిటన్‌లో కొత్తవాళ్లకి చెప్పే సలహా. 1,300 కిలోల కారుకి అది 1,100 కిలోలు. అంతలో మంచం పడుతుంది, బాత్‌రూమ్ కష్టం.

నా తీర్పు అడిగితే: రోజూ ఊరు మారుతూ కాశీ దాకా వెళ్లేవాళ్లకి చిన్న మోటార్‌హోమ్, అదీ కంపెనీ ఆమోదంతో కట్టింది, మొదటిసారి అద్దెకి. అడవిలోనో, సముద్రం ఒడ్డునో ఒకచోట స్థిరంగా ఉండి, లాగే సత్తా ఉన్న బండి ముందే ఉన్నవాళ్లకి ట్రైలర్. కాలవ గట్టు ఊళ్లకి ట్రైలర్ వద్దు.

ఏది తీసుకున్నా, బయల్దేరే ముందురోజు ఒక పని చెయ్యండి. తణుకు చుట్టూ రైసు మిల్లుల దగ్గర వేబ్రిడ్జి కాటాలకి కరువు లేదు. నీళ్లు నింపి, బండలు పెట్టి, ఇంటిల్లిపాదీ ఎక్కి, బండిని కాటా మీదికి పోనివ్వండి. మొదట ముందు చక్రాల్ని మాత్రమే ఎక్కించి ఒక కాటా, తర్వాత మొత్తం బండి ఎక్కించి ఇంకో కాటా. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే వెనక ఇరుసు బరువు. బండి తలుపు దగ్గరి రేకు మీద కంపెనీ వేసిన అంకెలతో పోల్చుకోండి. ట్రైలరైతే ముందు దాన్ని చదును నేల మీద నిలబెట్టి, హుక్కు కిందకి ఎత్తు సరిపోయే చెక్క ముక్క, దాని కింద ఒంటి బరువు చూసుకునే మిషను పెట్టండి. వెయ్యి కిలోల ట్రైలర్‌కి యాభై కంటే తక్కువ చూపిస్తే సామాను ముందుకి జరిపి మళ్లీ చూడండి. కాటా చీటీ పర్సులో పెట్టుకునే బయల్దేరండి.